బండి కదిలేదాకా

గోనెపట్టా పరుచుకుని అతను ట్రక్కు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ముఖానికి జానెడు ఎత్తులో బండి ఇనుప చట్రం, చాసిస్. దాని అంచునే పాకుతూ పోయే సన్నటి రాగి బ్రేకు గొట్టాన్ని గుడ్డతో తుడుస్తూ, తుడిచిన చోటల్లా వేలితో తడుముతూ, వీపుతో నేల మీద జరుగుతూ వెనక చక్రాల దాకా వెళ్లాడు. ఎక్కడా పగులు తగల్లేదు. మళ్లీ ముందుకు జరిగి మొదటినుంచీ తుడవడం మొదలుపెట్టాడు.

ఎవరికైనా ఒకసారితో సరిపోయే పని అతని చేతిలో రెండుసార్లు జరుగుతుంది. సిటీ బస్సుల గ్యారేజీలో, బ్రేకుల సెక్షన్లో చేరిన కొత్తలోనే అక్కడివాళ్లు అతనికి ‘నిదానం’ అని పేరు పెట్టేశారు. పెట్టిన మేస్త్రీలు ఒక్కొక్కరే రిటైరై వెళ్లిపోయారు, పేరు మాత్రం ఉండిపోయింది. కొత్తగా చేరినవాళ్లు ‘నిదానంగారూ’ అంటారు. అదే అసలు పేరనుకునేవాళ్లు కూడా ఉన్నారు. అతను ఎవరినీ సరిదిద్దలేదు.

“అల్లుడూ, టీ చల్లారిపోతోంది,” అన్నాడు మామయ్య బయటినుంచి.

“వస్తున్నా మామయ్యా.”

“వస్తున్నా అంటే నీ భాషలో మధ్యాహ్నం అని.”

చక్రాల సందులోంచి మామయ్య పాదాలు కనిపిస్తున్నాయి. పొడవాటి పాదాలు, ఎముకలు తేలి, బొటనవేళ్లు పక్కకి ఒరిగి ఉన్నాయి. ఆయన బోర్లించిన ఆయిలు డబ్బా మీద కూర్చుని టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయన చేతికి మణికట్టు దగ్గర్నుంచి మోచేయి దాకా గుడ్డ కట్టు ఉంది. నిన్న నిదానమే విప్పి, కడిగి, మళ్లీ కట్టాడు. కట్టడంలోనూ అదే తీరు. ఒక చుట్టు వదులుగా ఉందని మొత్తం విప్పి మళ్లీ చుట్టాడు.

ఇవాళ ఆదివారం. డ్యూటీ లేదు. ఎండ ఇంకా గోడ దిగలేదు. పక్కింటివాళ్ల కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు, వీధి చివర ఎవరో షట్టరు ఎత్తిన చప్పుడు తప్ప ఇంకేం వినపడటం లేదు.

నిదానం బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. పొట్టి మనిషి. మెడ కురచ, భుజాలు వెడల్పు. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయి మళ్లీ సరిగ్గా మొలవలేదు. గోళ్ల చుట్టూ నలుపు ఏ సబ్బుకీ పోదు. పెళ్లి ఫోటోలో కూడా ఆ నలుపు కనిపిస్తుందని భార్య నవ్వేది. మామయ్య పక్కనే నేల మీద కూర్చుని టీ తాగాడు. నిజంగానే చల్లారిపోయింది.

ఎదురుగా ట్రక్కు నిలబడి ఉంది. పొడవాటి మూతి, గుండ్రటి హెడ్‌లైట్లు, మనిషి ఛాతీ ఎత్తున చక్రాలు. మిలట్రీ ఆకుపచ్చ రంగు తలుపుల మీద మాత్రమే కొత్తగా మెరుస్తోంది. మిగతా చోట్ల ఎర్రటి ప్రైమరు పూసి ఉంది. అది వచ్చినప్పటినుంచి పెరట్లో సగం దానిదే. దాన్ని ఒరుసుకుని నడిచే అలవాటు ఎంతగా పట్టిందంటే, నిదానం గ్యారేజీలో ఖాళీ జాగాలో నడుస్తున్నా ఒక భుజం పక్కకి తిప్పే నడుస్తాడు.

మామయ్య వయసులో ఉన్నప్పుడు మిలట్రీలో ఇలాంటి బళ్లే తోలాడు. కొండదారుల్లో, మంచులో, లైట్లు వేయకూడని చోట్ల. అక్కడినుంచి వచ్చేశాక మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకరు తోలాడు. మునిసిపాలిటీ బళ్లు అప్పట్లో ఈ గ్యారేజీకే వచ్చేవి. ఆయన ట్యాంకరుకి బ్రేకులు చూసింది నిదానం. బండి తీసుకెళ్లిన మర్నాడే ఆయన మళ్లీ వచ్చాడు. ఏమైందోనని మేస్త్రీ కంగారు పడ్డాడు. “ఏమీ కాలేదు. ఈ బ్రేకులు కట్టినవాడికి పెళ్లయిందా?” అని అడిగాడాయన. బ్రేకులు చూసి పిల్లనిచ్చిన మనిషి అని గ్యారేజీలో చాలాకాలం చెప్పుకున్నారు.

అత్తగారు పోయాక మామయ్య పెద్దకూతురి దగ్గరికి వచ్చేశాడు. వచ్చిన ఏడాదికి, మిలట్రీవాళ్లు పనికిరావని పక్కన పడేసిన బళ్లు వేలం వేస్తున్నారని ఎక్కడో విని, ఊరికే చూసొస్తానని పొద్దున్నే బయల్దేరాడు. సాయంత్రం ఒక క్రేను ఈ ట్రక్కుని ఈడ్చుకొచ్చింది. దాని డ్రైవరు సీట్లో, మోకాళ్లు స్టీరింగుకి తగులుతూ, దొరలా కూర్చుని ఉన్నాడాయన. కూతురు గేటు దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“నాన్నా, ఈ వయసులో నాకు పిన్నిని తెచ్చావా?” అంది.

ఆ రోజు నుంచి ట్రక్కు పేరు పిన్ని. “నాన్నా, వానొచ్చేలా ఉంది, పిన్నికి పట్టా కప్పు.” “పిన్ని మూతి మీద నా చీర ఆరేశాను, మసి అంటిస్తే ఊరుకోను.” మొగుడితో అయితే, “మీకు అత్తగారవుతుంది. కాస్త మర్యాదగా మసలుకోండి,” అనేది. ఆమె లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. రోజంతా ఆవిరి గదిలో, మోటార్ల హోరులో అరిచి మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా అదే గొంతు. ఇంట్లో ఉన్న మాటలన్నీ ఆమెవే. మగవాళ్లిద్దరూ వినేవాళ్లు, అప్పుడప్పుడూ ఊఁ కొట్టేవాళ్లు. పిల్లలు కలగలేదు. కలగలేదన్న మాట కూడా ఆమే అనేది, ఆమే పక్కకి తోసేసేది.

ఒక వానాకాలం జ్వరం వచ్చి, తగ్గినట్టే తగ్గి, ఆమె పోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరికీ ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలో తెలియలేదు. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పే మనిషి మధ్యలోంచి లేచి వెళ్లిపోయింది. భోజనం దగ్గర ఒకరు “ఉప్పు” అనేవారు, ఇంకొకరు “ఇదిగో” అనేవారు. అలా చాలా రోజులు గడిచాయి. ఒక పొద్దున మామయ్య కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ, “పిన్ని ఇంజిను బిగుసుకుపోయి ఉంటుందంటావా?” అన్నాడు.

“చూద్దాం మామయ్యా,” అన్నాడు నిదానం.

అలా మొదలైంది. ఆదివారాలు, సెలవు రోజులు, డ్యూటీ తర్వాత వెలుతురున్నంతసేపు. ఇంజిను విప్పి భాగాలన్నీ ముందుగదిలో పాత చాపల మీద పరిచారు. చాలాకాలం ఇంట్లోకి వచ్చిన వాళ్లు గోడవారగా నడవాల్సి వచ్చేది. మామయ్యకి అప్పటికే చూపు పలచబడుతోంది. పోయిందని ఆయన ఒప్పుకోడు, పలచబడిందంటాడు. వెలుగూ నీడా తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, ముఖం తెలియదు. కానీ కార్బొరేటరు విప్పి కిరసనాయిల్లో కడిగి, ఊది, ఏ స్క్రూ ఎక్కడిదో వేళ్లతోనే చూసుకుని బిగించాడు. నిదానం పని చేస్తుంటే పక్కన కూర్చుని మిలట్రీ రోజుల కబుర్లు చెప్పేవాడు. ఇదే ట్రక్కు తాను తోలానని ఒకసారి, దీని అన్నని తోలానని ఇంకోసారి. ఏది నిజమని నిదానం అడగలేదు. పోయినామె గురించి ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువే. కానీ ట్రక్కుని మాత్రం పిన్ని అనేవారు.

పోయిన ఎండాకాలం ఇంజిను పలికింది. ఇక మిగిలింది బ్రేకులు. నిదానం రోజూ చేసే పని.

ఆ పనే ఆగిపోయింది.

అప్పటికే చిన్నకూతురు, అంటే నిదానం మరదలు, వచ్చినప్పుడల్లా తండ్రిని తమ ఊరు రమ్మని అడుగుతోంది. “బావ పొద్దున వెళ్తే సాయంత్రం గానీ రారు. నువ్వొక్కడివే ఇంట్లో. కళ్లు చూస్తే అలా ఉన్నాయి. మా ఇంట్లో అయితే ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు,” అంటుంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. ఇంజిను పలికాక మామయ్య ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పేవాడు.

“బండి కదిలేదాకా రానమ్మా.”

ఆ మాట నిదానం వంటగదిలోంచి విన్నాడు. ఆ తర్వాత ఏదో ఒక రోజు, బ్రేకు పెడలు కింద ఉండి నూనెని గొట్టాల్లోకి తోసే మాస్టరు సిలిండరు విప్పి చూస్తే లోపలి రబ్బరు కప్పు పిండి పిండిగా రాలింది. ఆ సైజు ఎక్కడా దొరకడం లేదని మామయ్యతో చెప్పాడు. మొదట్లో అది నిజమే. తర్వాత గ్యారేజీకి రబ్బరు సామాను ఇచ్చే ఆయన అచ్చు పోసి ఒకటి చేసిచ్చాడు. నిదానం దాన్ని కాగితంలో చుట్టి గ్యారేజీలో తన పనిముట్ల పెట్టెలో, గుడ్డపీలికల కింద పెట్టాడు. రేపు ఇంటికి పట్టుకెళ్దాంలే అనుకున్నాడు. మర్నాడూ అలాగే అనుకున్నాడు. వానలు వచ్చి వెళ్లాయి. ఎందుకు పట్టుకెళ్లడం లేదో తనలో తాను కూడా పైకి అనుకోలేదు. ‘కప్పు దొరికిందా’ అని మామయ్య అడిగేవాడు. ‘ఇంకా లేదు మామయ్యా’ అనేవాడు. ‘తొందరేముందిలే’ అనేవాడాయన.

పోయిన వారం ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మామయ్య ట్రక్కు మెట్టు పక్కన నేల మీద పడి ఉన్నాడు.

నిదానం చేతిలో టిఫిను డబ్బా జారిపోయింది. దగ్గరికి పరిగెత్తాడు. అతను పరిగెత్తడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

“మామయ్యా, ఏమైంది?”

“ఏం కాలేదు. కిందనుంచి చాసిస్ ఎలా ఉందో చూస్తున్నా,” అన్నాడాయన.

పెదవులు ఎండిపోయి పగిలాయి. మోచేతి చర్మం లేచిపోయింది, దాని మీద చీమలు పాకుతున్నాయి. ముఖానికి ఒకవైపే ఎండ కాసి ఎర్రబడింది. అంటే పొద్దు నడినెత్తిన ఉన్నప్పటినుంచీ అలాగే ఉన్నాడు. పిలిస్తే పక్కింటావిడ వచ్చి ఉండేది. పిలవలేదు. ఎందుకు పిలవలేదని అడిగితే, “నువ్వొస్తావుగా,” అన్నాడు.

నిదానం ఆయన్ని లేపి కూర్చోబెట్టి, చీమల్ని దులిపి, నీళ్లు తాగించాడు. మర్నాడు గ్యారేజీ నుంచి మరదలికి ఫోన్ చేశాడు.

“మామయ్యని తీసుకెళ్లమ్మా.”

“ఆయన వస్తే ఇప్పుడే తీసుకెళ్తాను బావా. బండి కదిలేదాకా రానని భీష్మించుకుని కూర్చున్నాడుగా.”

“కదులుతుంది. ఆదివారం రండి.”

ఫోన్ పెట్టేసి, పనిముట్ల పెట్టెలో గుడ్డపీలికలు పక్కకి తీసి, కాగితం పొట్లాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంటికి వచ్చి, చిన్నమ్మాయి వాళ్లు ఆదివారం వస్తారట అని మాత్రం చెప్పాడు. “రానీ,” అన్నాడు మామయ్య.

ఇప్పుడు టీ గ్లాసు పక్కన పెట్టి నిదానం జేబులోంచి ఆ పొట్లం తీశాడు.

“కప్పు దొరికింది మామయ్యా.”

మామయ్య చెయ్యి చాచాడు. నల్లటి చిన్న రబ్బరు కప్పు ఆయన అరచేతిలో అటూ ఇటూ దొర్లింది. బొటనవేలితో అంచు చుట్టూ రాశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“కొత్త రబ్బరుకి ఘాటుండాలే. ఇది చప్పబడిపోయింది.”

“షాపులో పాత స్టాకు అంట.”

“ఊఁ,” అన్నాడు మామయ్య. కప్పు తిరిగి అతని చేతిలో పెట్టాడు.

సిలిండరుని గుడ్డతో తుడిచి, వెలుతురు వైపు పెట్టి లోపల గీతలున్నాయేమో చూసి, కప్పుని బ్రేకు నూనెలో ముంచి వేలితో లోపలికి తోశాడు నిదానం. స్ప్రింగు, వాషరు, చివర పట్టుంచే రింగు. అన్నీ పెట్టాక రింగు సరిగ్గా గాడిలో పడిందో లేదోనని తీసి మళ్లీ పెట్టాడు. సిలిండరు బిగించి, గొట్టం కలిపి, డబ్బాలో నూనె పోసేసరికి ఎండ ట్రక్కు మూతి మీదికి వచ్చింది.

గొట్టాల్లోంచి గాలి తీయాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడలు తొక్కాలి, ఒకరు కింద పడుకుని చక్రం దగ్గర నట్టు వదులు చేసి గాలి పోనివ్వాలి. మామయ్య కట్టు ఉన్న చేతిని ఒంటికి దగ్గరగా పెట్టుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. నిదానం వెనకే నిలబడి, ఎక్కడా తాకకుండా, రెండు చేతులూ చాచి ఉంచాడు. ఆయన కూర్చున్నాక కిందికి దూరాడు.

“తొక్కండి.”

“తొక్కా.”

“పట్టుకోండి.”

“పట్టుకున్నా.”

నట్టు తిప్పాడు. సన్నటి రబ్బరు గొట్టంలోంచి గాజు సీసాలోకి బుడగలు బుసబుసమంటూ దిగాయి. నట్టు బిగించాడు.

“వదలండి.”

“వదిలా.”

గ్యారేజీలో ఈ పనికి ఎవరు దొరికితే వాళ్లు ఎక్కి కూర్చుంటారు. ఫోన్ చూసుకుంటూ తొక్కుతారు, చెప్పకముందే వదిలేస్తారు. మామయ్య కాలు అలా కాదు. తొక్కమన్నప్పుడు తొక్కింది, పట్టుకోమన్నంతసేపు పట్టుకుంది. వెనక చక్రాలు రెండూ అయ్యాయి. ముందుకి జరిగారు. ఆ నాలుగు మాటలు తప్ప ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. అయినా ఇంట్లో చాలా రోజుల తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నట్టు అనిపించింది నిదానానికి. సీసాలో బుడగలు పలచబడ్డాయి. చివరి చక్రం దగ్గర ఒకటీ అరా వచ్చాయి. ఆ తర్వాత నూనె తేటగా, దారంలా జారింది. గాలి లేదని తెలిసి కూడా ఇంకొక్కసారి అన్నాడు.

“తొక్కండి.”

“ఇంకెక్కడికి తొక్కను అల్లుడూ? కాలి కింద రాయి పెట్టినట్టుంది.”

నిదానం బయటికి వచ్చి, చేతులు తుడుచుకున్నాడు.

“అయితే అయిపోయినట్టే మామయ్యా.”

“ఊఁ. గేటు తియ్యి మరి.”

గేటు రెండో రెక్క తీసి చాలా ఏళ్లయింది. గడియకి తుప్పు పట్టింది, కింద గడ్డి మొలిచింది. భుజం ఆనించి నెడితే కీచుమంటూ తెరుచుకుంది. ఆ చప్పుడుకి పక్కింటావిడ బయటికి వచ్చి చూసి, ఏమీ అడక్కుండానే తీగ మీది బట్టలు గబగబా లాగి భుజాన వేసుకోసాగింది. ఇంజిను మొదటిసారి పలికిన రోజున ఆమె తెల్ల దుప్పట్లు బూడిద రంగుకి తిరిగాయి.

“మొత్తానికి మీ పిన్ని గడప దాటుతోందన్నమాట,” అంది.

“దాటితే చెప్తాం, నువ్వు ముందు బట్టలు తియ్యి,” అన్నాడు మామయ్య. అప్పటికి పక్క సీట్లోకి జరిగి, తలుపు మీద మోచేయి ఆనించి కూర్చున్నాడు.

ఇంజిను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. క్యాబిను మొత్తం వణికింది. నిదానానికి బళ్లు తోలడం రాదని కాదు. కానీ అతను తోలిందంతా గ్యారేజీ ఆవరణలోనే, బ్రేకు చూడటానికి, మనిషి నడిచే వేగంలో. క్లచ్చు వదిలాడు. ట్రక్కు ఒక్క కుదుపు కుదిపి, తాను ఇన్నేళ్లు నిలబడ్డచోట నాలుగు నల్లటి పల్లాలు వదిలి, గేటు దాటింది.

వీధిలో పిల్లలు పక్కకి తప్పుకుని చూస్తున్నారు. సైకిలు మీద వెళ్తున్నాయన దిగి నిలబడ్డాడు. ట్రక్కు మొదటి గేరులోనే ఏడుస్తూ పోతోంది.

“రెండోది వెయ్యి.”

“వేస్తా మామయ్యా.”

“ఎప్పుడు, ఊరు దాటాకా? గొంతు చించుకుంటోంది పాపం. వెయ్యి.”

వేశాడు. గేర్లు గరగరమన్నాయి. “అదీ,” అన్నాడు మామయ్య. ఆయన ముఖం గాలికి ఎదురుగా పెట్టి, తల కొంచెం పైకెత్తి కూర్చున్నాడు. దుకాణాలు దాటుతుంటే నీడ మారడాన్ని బట్టి, “ఇక్కడ మలుపు కదా,” అన్నాడు. నిజమే. వీధి అక్కడ ఎడమకి తిరిగి, మూతపడ్డ మిల్లు గోడ పక్కనుంచి కిందికి దిగుతుంది. ట్రక్కు పల్లంలోకి దిగుతూ వేగం అందుకుంది. స్టీరింగు మీద నిదానం వేళ్లు బిగుసుకున్నాయి.

“ఇప్పుడు కొట్టు బ్రేకు,” అన్నాడు మామయ్య.

నిదానం తొక్కాడు. అంత బరువూ ముందుకి వంగి, ఎటూ లాక్కుండా, నిటారుగా ఆగింది. మిల్లు గోడ నీడలో నిలబడింది. ఇంజిను ఒక్కటే తిరుగుతోంది.

“ఆగింది,” అన్నాడు మామయ్య తృప్తిగా. “ట్యాంకరు కూడా ఇలాగే ఆగేది.”

గోడ మీద పిచ్చిమొక్క ఒకటి ఇంజిను వేడిగాలికి ఊగుతోంది.

“బండి కదిలేదాకా రానని చిన్నదానికి చెప్పింది నేనే.”

“తెలుసు మామయ్యా. విన్నాను.”

“ఇంజిను అయిపోయాకే చెప్పాను. బ్రేకుల పని ఒక్కటే మిగిలిందని తెలిసే చెప్పాను.” ఆయన కట్టు మీది ముడిని వేలితో తడుముకుంటున్నాడు. “నువ్వు నిదానం అని తెలిసే చెప్పాను.”

నిదానం స్టీరింగు మీదినుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఆ కప్పు, మామయ్యా...”

“పాత స్టాకు,” అన్నాడు మామయ్య. “చెప్పావుగా.”

ఆయన తలుపు మీద అరచేత్తో తట్టి, “పద. దాని కారు వచ్చే వేళయింది. వెనక్కి తిప్పేసరికే నీకు పొద్దు గూకుతుంది,” అన్నాడు.

వాళ్లు తిరిగి వచ్చేసరికి కారు గేటు ముందు ఆగి ఉంది. మరదలు కిందికి దిగి, ట్రక్కు లోపలికి వస్తుంటే ఒక చేత్తో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఇటు ఇటు అని దారి చూపిస్తోంది. ఆమెకి అక్క పోలిక లేదు. గొంతు మాత్రం అదే. ఆమె వచ్చినప్పుడల్లా నిదానం ఆమె ఎదురుగా ఉండి మాట్లాడేలా చూసుకుంటాడు. పక్కగదిలోంచి మాట వినపడితే అతను చేస్తున్న పని ఆగిపోతుంది.

“నాన్నా, ఈ వయసులో షికార్లా?” అంది ఆమె.

“మీ పిన్ని పుట్టింటికి వెళ్తానంటే తిప్పి తీసుకొచ్చాం,” అన్నాడు మామయ్య. తలుపు తెరిచి, పాదంతో మెట్టు వెతుక్కున్నాడు. ఈసారి నిదానం ఆయన నడుం పట్టుకుని దింపాడు.

తోడల్లుడు ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, మడ్‌గార్డు మీద వేళ్లతో తట్టి చూశాడు. మంచివాడు. ఎక్కడైనా మౌనం ఉంటే దాన్ని నింపాలనుకునే మనిషి. “సినిమావాళ్లకి అద్దెకిస్తే బాగా ఆడుతుంది అన్నయ్యా. మా ఊళ్లో ఒకాయన ఇలాగే పాత జీపు ఉంచుకున్నాడు,” అన్నాడు. చూద్దాం అన్నాడు నిదానం.

మరదలు తెచ్చిన భోజనం నలుగురూ తిన్నారు. ముందుగది నేల మీద ఇంజిను నూనె మరకలు ఎంత కడిగినా పోలేదు, వాటి మధ్యలోనే కంచాలు పెట్టుకున్నారు. ఆమె తండ్రికి అన్నీ చేతికందేలా జరుపుతూ, మధ్యమధ్యలో కళ్లు తుడుచుకుంటూ, తమ ఇంటి సంగతులు చెబుతోంది. ఆయనకి ఇస్తున్న గది బాత్రూం పక్కనే ఉంటుంది. డాక్టరు వీధి మలుపులోనే. పిల్లలు తాతయ్య వస్తున్నాడని మంచం మీద ఎవరు పడుకోవాలో అప్పుడే కొట్టుకుంటున్నారు.

చేతులు కడుక్కున్నాక, “నాన్న బట్టలు సర్దుతాను, ఎక్కడున్నాయి బావా?” అంది.

నిదానం చూపించబోయేలోపు మామయ్య, “మంచం కిందుంది చూడు,” అన్నాడు.

మంచం కింద సంచి సర్ది ఉంది. బట్టలు మడతలు పెట్టి, మందులు ఒకవైపు, దుప్పటి పైన, జిప్పు వేసి. నిదానం దాన్ని చూసి మామయ్య వైపు చూశాడు. ఎప్పుడు సర్దాడో తెలియదు. ఆదివారం వస్తారట అని చెప్పిన రోజే అయి ఉండాలి. కట్టు కట్టిన చేత్తో, కళ్లు కనపడక, ఒక్కొక్కటే తడుముకుంటూ.

కారు ఎక్కేముందు మామయ్య ఒక్క క్షణం ఆగాడు.

“వారానికొకసారి స్టార్టు చెయ్యి. బ్యాటరీ దిగిపోతుంది.”

“చేస్తా మామయ్యా.”

“రేడియేటరులో నీళ్లు చూసుకో.”

“చూసుకుంటా.”

“ఒక్కడివీ కిందికి దూరకు.”

నిదానం తల ఊపాడు. ఊపితే ఆయనకి కనపడదని గుర్తొచ్చి, “దూరను,” అన్నాడు. ఆయన చెయ్యి చాచి అతని భుజం అందుకుని, అక్కడినుంచి జరిపి ముఖం మీద పెట్టాడు. నుదురు, ముక్కు, గడ్డం. కార్బొరేటరు మీద కదిలినంత నెమ్మదిగా వేళ్లు కదిలాయి. ఆ తర్వాత వంగి కారులో కూర్చున్నాడు.

“మీరూ వచ్చి కొన్నాళ్లుండండి బావా. రిటైరయ్యాక అక్కడికే వచ్చేయండి,” అంది మరదలు కిటికీలోంచి.

“వస్తాన్లే అమ్మా.”

అతను ఎక్కడికైనా వెళ్లడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అయినా తప్పకుండా అని రెండుసార్లు చెప్పించుకుంది. కారు వీధి మలుపు దగ్గర ఆగి, అడ్డంగా వెళ్తున్న రిక్షాకి దారిచ్చి, తిరిగిపోయింది. బ్రేకు వేసినప్పుడు సన్నగా కీచుమంది. వెనక ఎడమ చక్రం, అనుకున్నాడు నిదానం. చెప్పి ఉండాల్సింది.

గేటు రెక్కలు రెండూ మూశాడు. ట్రక్కు దగ్గరికి వెళ్లి చక్రాలన్నీ ఒకటొకటిగా తడిమి చూశాడు. ఎక్కడా నూనె కారడం లేదు. పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దాడు. సర్దడానికి ఇంకేమీ మిగల్లేదు. పక్కింటావిడ మళ్లీ బట్టలు ఆరేస్తూ, “వెళ్లారా పెద్దాయన?” అని అడిగింది. వెళ్లారన్నాడు. ఆమె ఒక దుప్పటి దులిపి తీగ మీద వేసి లోపలికి వెళ్లిపోయింది.

ఎండ గోడ ఎక్కి అవతలికి దిగుతోంది. నిదానం కుళాయి దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు రుద్దుకున్నాడు. మోచేతుల దాకా రుద్ది కడిగి, మళ్లీ రుద్దాడు. ముఖం కడుక్కుని లేచి నిలబడ్డాడు. కుళాయి పక్క గోడ గూట్లో మామయ్య గడ్డం గీసుకునే సామాను ఉండే చోటు ఖాళీగా ఉంది. రేజరు, బ్రష్షు, సబ్బు డబ్బా, అన్నీ గుర్తుపెట్టుకుని తీసుకెళ్లాడు. అద్దం మాత్రం మరిచిపోయాడు, లేకపోతే అక్కర్లేదనుకున్నాడు. చూపు పలచబడ్డాక కూడా పొద్దున్నే దాని ముందు నిలబడే గడ్డం గీసుకునేవాడు. నిదానం ఎప్పుడూ దాని జోలికి వెళ్లలేదు. లోపల బీరువా తలుపుకి ఉన్న భార్య అద్దంలోనే తల దువ్వుకునేవాడు.

ఇప్పుడు మామయ్య అద్దం ముందుకి వచ్చి నిలబడ్డాడు. తడిసిన జుట్టు, పాపిటి దగ్గర నెరిసిన చోటు కనిపించాయి. అంతకంటే కిందికి కనిపించలేదు. మునివేళ్ల మీద లేవబోయి, మానేసి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లాడు.

బయట గోడ మీద, పొడుగాటి మనిషి ఎత్తుకి కొట్టిన మేకుకి, అంచున ఎండిన సబ్బు నురగ చుక్కతో ఆ అద్దం అలాగే వేలాడుతోంది.